పోగేయడానికే అచ్చేసిన డబ్బు

మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మనీలో చిల్లర కరువైంది. ఊరూరా సొంత నోట్లు పుట్టుకొచ్చాయి. నోట్లు వేసే సరదా కాగితంతో ఆగకుండా పట్టు, తోలు, పింగాణీ దాకా వెళ్లింది. అవసరం కోసం మొదలైన ఈ నోట్లు సేకర్తల కోసమే అచ్చయ్యే స్థితికి ఎలా వచ్చాయో చెప్పే కథ ఇది.

ఆర్టీసీ బస్సులో కండక్టరు దగ్గర చిల్లర లేకపోతే టికెట్ వెనక ‘14’ అని రాసి, కింద గీత గీసి చేతిలో పెడతాడు. దిగే స్టేజీ దాకా ఆ చీటీ పద్నాలుగు రూపాయలే. ఆ బస్సు దాటితే చెల్లదు, ఆ కండక్టరు తప్ప ఇంకెవరూ దానికి పైసా ఇవ్వరు. జర్మనీలో పదేళ్లపాటు ఊరూరా ఇలాంటి చీటీలు నడిచాయి. మన టికెట్‌ని దిగగానే పారేస్తాం. అక్కడి చీటీలు రానురానూ ఎంత ముచ్చటగా తయారయ్యాయంటే, జనం వాటిని మార్చుకోవడం మానేసి దాచుకోవడం మొదలుపెట్టారు. అది కనిపెట్టిన మున్సిపాలిటీలు ఇక దాచుకోవడానికే అచ్చేయడం మొదలుపెట్టాయి.

జర్మన్లు వీటిని నోట్‌గెల్డ్ అంటారు. మన పత్రికల భాషలో చెప్పాలంటే ఆపద్ధర్మ నోట్లు. 1914 నుంచి 1924 దాకా పట్టణాలు, జిల్లా పాలక సంస్థలు, బొగ్గు గనులు, ఫ్యాక్టరీలు, సేవింగ్స్ బ్యాంకులు, రైల్వే శాఖ, ఆఖరికి పూటకూళ్ల ఇళ్లు, ఊరి సంఘాలు కూడా వీటిని వదిలాయి. వాటి రకాలను వర్గీకరించే కేటలాగులే అలమర నిండా ఉంటాయి.

వెండి దాక్కుంది, రాగి యుద్ధానికి పోయింది

1914 ఆగస్టు 4న చేసిన చట్టాలతో జర్మనీ తన నోట్లకు బదులు బంగారం ఇచ్చే బాధ్యత నుంచి తప్పుకుంది. జనానికి చట్టం చదవాల్సిన పని లేకపోయింది. యుద్ధం అనే మాట వినగానే బంగారు, వెండి నాణేలు మూటగట్టి లోపల పెట్టేశారు. చేతిలో పెద్ద నోటు ఉన్నా దాన్ని విడగొట్టేవాడు లేడు. కూలీలకు వారం జీతం ఇవ్వడానికి యజమాని దగ్గర చిల్లర లేదు, రొట్టెల కొట్టు వాడి గల్లాపెట్టె ఖాళీ. రష్యా సరిహద్దున ఉన్న తూర్పు ప్రష్యాలో, ఫ్రాన్స్ పక్కనున్న అల్సాస్‌లో అధికారులు చేతికందిన కాగితం మీద అంకె వేయించి, ఆఫీసు ముద్ర గుద్ది, సంతకం చేసి పంచేశారు. వాటిలో కొన్ని టైపు మిషన్ మీద కొట్టినవి. బొమ్మ లేదు, రంగు లేదు. పరిస్థితి కాస్త కుదుటపడగానే చాలావాటిని వెనక్కి తీసుకుని చెల్లు పెట్టేశారు. అందుకే 1914 నాటి ఆ బోసి చీటీలు ఇవాళ అంత సులువుగా దొరకవు.

రెండో విడత కరువు 1916, 17లలో వచ్చింది. రాగి, నికెల్ తుపాకీ గుండ్లకు, ఫిరంగులకు కావాల్సి వచ్చాయి. నాణేలు ఇనుముకు, జింకుకు, అల్యూమినియంకు దిగాయి. అవీ చాలలేదు. 10, 25, 50 ఫెనిగ్‌ల (జర్మన్ పైసల) కాగితపు చీటీలు వచ్చాయి. 1918 చివర్లో యుద్ధం ఓటమి వైపు నడుస్తుంటే కేంద్ర బ్యాంకయిన రైష్‌బ్యాంక్ ప్రెస్సులకు అచ్చేసే సత్తువ లేకపోయింది. 5, 10, 20, 50 మార్కుల నోట్లు కూడా మీరే వేసుకోండని ఊళ్లకు అప్పజెప్పింది.

ఇదే యుద్ధం, ఇదే వెండి కరువు మన గడప దాకా వచ్చాయి. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం మొదటిసారి ఒక రూపాయి నోటు తెచ్చింది 1917 నవంబరు 30న. ఆ వెంటనే 1918లో రెండు రూపాయల ఎనిమిదణాల నోటు వచ్చింది. హైదరాబాద్ రాజ్యంలో నిజాం ప్రభుత్వం 1918లో కరెన్సీ చట్టం చేసి ఉస్మానియా సిక్కా నోట్లు తెచ్చింది. లండన్‌లోని ‘వాటర్‌లో అండ్ సన్స్’ కంపెనీ అచ్చేసిన ఆ నోట్ల మీద తెలుగు కూడా ఉంటుంది. వాటిలో కొన్ని 1922లో ‘ఈజిప్ట్’ అనే ఓడతో పాటు ఫ్రాన్స్ తీరం దగ్గర సముద్రంలో మునిగిపోయాయి. ఏళ్ల తర్వాత బంగారం కోసం ఆ ఓడను వెతికిన ఇటాలియన్ గజఈతగాళ్లకు సంతకాలు పడని నిజాం నోట్లూ దొరికాయి. మన దగ్గర నోట్లు సేకరించేవాళ్లకు అదొక ప్రత్యేక వేట. రెండో ప్రపంచ యుద్ధంలోనైతే గుజరాత్, రాజస్థాన్ సంస్థానాలు పైసా, అణా విలువల క్యాష్ కూపన్లు వేశాయి. నన్నడిగితే నోట్‌గెల్డ్‌కు మన దేశంలో అసలైన చుట్టరికం వాటిదే.

ఆరు నోట్లలో ఒక కథ

యుద్ధం ముగిసింది. చిల్లర కరువు ముగియలేదు. 1919 తర్వాత ఒక చిత్రం జరిగింది. ఊరి బొమ్మతో, ఊరి కథతో వేసిన చిన్న నోట్లు బజారులోకి వెళ్లి తిరిగి రావడం లేదని పురపాలక లెక్కల్లో తేలింది. పిల్లలు, పెద్దలు ఆల్బమ్‌లలో అంటించుకుంటున్నారు. మార్చుకోవడానికి తిరిగిరాని ప్రతి నోటూ ఊరికి నికర లాభం. ఖర్చు కాగితం, సిరా మాత్రమే. ఈ లెక్క ఒక ఊరికి అర్థమైతే పక్క ఊరికి అర్థం కావడానికి ఎంతసేపు?

దాంతో సీరియల్ కథల పద్ధతి మొదలైంది. ఒక కథను ఆరు నోట్లకో, పన్నెండు నోట్లకో ముక్కలు చేస్తారు. ఒకటి కొంటే కథ సగంలో ఆగుతుంది, సెట్ మొత్తం కొనాలి. 50 ఫెనిగ్‌లు సరిపోయే చోట 75 ఫెనిగ్‌ల నోటు పెట్టారు. గడువు తేదీ దాటాక అమ్మకానికి పెట్టినవీ ఉన్నాయి. చెల్లని నోటు కొనేవాడికి అది చెల్లదని తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. ఏ దుకాణంలోనూ ఒక్క పూటైనా చెలామణి కానివి వేల రకాలు. కొన్నయితే ఊరి పేరు పెట్టుకుని వ్యాపారులు వేయించినవి.

అంత మాత్రాన వీటిని తీసిపారేయలేం. హామెల్న్ పట్టణం తన ఎలుకల వేటగాణ్ని, అదే వేణువూది పిల్లలను తీసుకుపోయినవాణ్ని నోట్ల మీదకు తెచ్చింది. హార్ట్స్ కొండల్లోని థాలే ఊరు మంత్రగత్తెలను చీపుర్ల మీద ఎగరేసింది. మతసంస్కర్త మార్టిన్ లూథర్ తిరిగిన ఊళ్లలో చాలావి లూథర్‌ను అచ్చేసుకున్నాయి. మెక్లెన్‌బుర్గ్ ప్రాంతంలోనైతే 70 ఊళ్లు కూడబలుక్కున్నాయి. ప్రతి ఊరూ 10, 25, 50 ఫెనిగ్‌ల చొప్పున మూడేసి నోట్లు వేసింది. వాటి మీద తమ యాస రచయిత ఫ్రిట్స్ రాయిటర్ మాటలే ఉంటాయి. మొత్తం 210 నోట్లు. వాటిని రాయిటర్ డబ్బు అంటారు. ఒక యాస రచయిత పేరున 70 ఊళ్లు డబ్బు అచ్చేశాయంటే, తెలుగు రాసేవాణ్నిగా నాకు కొంచెం అసూయే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి నౌంబుర్గ్ నోట్లు. 1432లో హుస్సైట్ అనే మతవర్గం సైన్యం ఆ ఊరిని ముట్టడించిందనీ, ఒక పంతులు పిల్లలకు తెల్లచొక్కాలు తొడిగి సేనాపతి ప్రోకోప్ ముందుకు నడిపించాడనీ, మనసు కరిగిన సేనాపతి పిల్లలకు చెర్రీ పళ్లు పంచి వెళ్లిపోయాడనీ అక్కడి ఐతిహ్యం. చరిత్రకారులు ఒప్పుకోరు కానీ ఊరు మాత్రం చెర్రీ పండుగ చేసుకుంటూనే ఉంది. వాల్టర్ హేగే ఆ కథను నీడబొమ్మల్లో వేశాడు. ముఖాలు కనిపించవు. నల్లని ఆకారాలు మాత్రమే ఉంటాయి. బుడ్డోడి పొట్ట, అమ్మాయి జడ, పొడుగు ఈటెల వరస. అరచేయంత కాగితంలో ఎవరు భయపడుతున్నారో ఎవరు భయపెడుతున్నారో భుజాల వంపును బట్టే తెలిసిపోతుంది. తర్వాత హేగే చర్చిల శిల్పాలను ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నాడు. వెలుగునీడల మీద ఆ పట్టు ఈ చిన్న నోట్లలోనే కనిపిస్తుంది. ఇట్సెహో పట్టణానికి వెంట్సెల్ హాబ్లిక్ అనే చిత్రకారుడు, వాస్తుశిల్పి నోట్లు వేశాడు. ఆయన ఎక్స్‌ప్రెషనిస్టు. నోటు వేసినా అలాగే వేశాడు.

పట్టు, తోలు, పింగాణీ

సేకర్తల జేబు లోతెంతో తెలిశాక ఊళ్లు కాగితం దగ్గర ఆగుతాయా? బీలెఫెల్డ్ నార బట్టలకు పేరున్న ఊరు. అక్కడి సేవింగ్స్ బ్యాంకు డైరెక్టరు పాల్ హాంకే నోట్లను పట్టు మీద, నార బట్ట మీద, ముఖమల్ మీద అచ్చేయించాడు. కొన్నిటికి చుట్టూ లేసు కూడా కుట్టారు. ఆ పట్టు ముక్కలను దగ్గరగా చూస్తే ఖాళీ జాగా కనిపించదు. మధ్యలో అంకె, చుట్టూ బొమ్మలు, అంచుల వెంట సన్నని అక్షరాల్లో సామెతలు, రాజకీయ విసుర్లు. 1923 నాటివి చూస్తే ధరల మీద ఏడుపు కూడా అంచులోనే ఉంటుంది. అది నోటా, కరపత్రమా అంటే రెండూ.

ఓస్టర్‌వీక్, ప్యోస్నెక్ పట్టణాలు తోలు నోట్లు వేశాయి. ఓస్టర్‌వీక్‌లో చేతి తొడుగుల తయారీ ఉంది కాబట్టి తోలుకు కొదవ లేదు. టేనింగెన్‌లోని అల్యూమినియం ఫ్యాక్టరీ తన సొంత సరుకునే, అంటే పల్చటి అల్యూమినియం రేకును నోటుగా మార్చింది. ఆ రేకు ముడతపడితే మళ్లీ సాపు కాదు. అందుకే ముడత లేని ముక్కకు గిరాకీ. ఇవి కాక తపాలా బిళ్లను చిన్న రేకు డబ్బీలో పెట్టి, ముందు పారదర్శకమైన మూత బిగించి, వెనక సబ్బు కంపెనీదో సారా కంపెనీదో ప్రకటన వేసినవి ఉన్నాయి. చిల్లర సమస్య తీరింది, ప్రచారమూ జరిగింది.

మైసెన్ పింగాణీ నాణేల కథ వేరు. సాక్సనీ పాలకుడు అగస్టస్, మామూలు లోహం నుంచి బంగారం చేస్తానన్న యోహాన్ ఫ్రీడ్రిష్ బ్యోట్గర్ అనే రసవాదిని బంధించి పని చేయించాడు. బంగారం రాలేదు. ఎర్రమట్టితో గోధుమరంగు గట్టి పాత్ర వచ్చింది, తర్వాత తెల్ల పింగాణీ వచ్చింది. 1710లో మైసెన్ కార్ఖానా పెట్టారు. రెండు శతాబ్దాల తర్వాత, 1920, 21లలో బంగారం అసలే కనపడని కాలంలో, అదే కార్ఖానా అదే గోధుమరంగు మట్టితో సాక్సనీకి నాణేలు పోసింది. బ్యోట్గర్ మాట కాస్త ఆలస్యంగా నెగ్గిందనుకోవాలి.

1922 జులైలో ప్రభుత్వం ఈ సరదాకు చట్టంతో అడ్డుకట్ట వేసింది. అనుమతి లేకుండా ఎవరూ నోట్లు వేయకూడదంది. ఏడాది తిరిగేసరికి అదే ఊళ్లు మళ్లీ ప్రెస్సుల చుట్టూ తిరిగాయి. ఈసారి సరదా కాదు.

సున్నాలకు చోటు చాలలేదు

1914 జులైలో డాలరుకు 4.20 మార్కులు. 1923 నవంబరు 20న 4.2 లక్షల కోట్లు. ఈ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో ఆర్థికవేత్తలు గ్రంథాలు రాశారు. యుద్ధ అప్పులు, నష్టపరిహారం భారం సరే. 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు రూర్ పారిశ్రామిక ప్రాంతాన్ని ఆక్రమించాయి. అక్కడి కార్మికులు పని మానేసి నిరసన తెలిపితే వాళ్ల జీతాలు ప్రభుత్వమే భరించింది. ఆ జీతాలు ప్రెస్సులోంచే వచ్చాయి. నవంబరులో బెర్లిన్‌లో రొట్టె ధర దాదాపు 20 వేల కోట్ల మార్కులు. రైష్‌బ్యాంక్ కోసం వందకు పైగా బయటి ప్రెస్సులు, ముప్పై కాగితం మిల్లులు పనిచేసినా సరిపోలేదు. జీతం రోజున నోట్లు అందకపోతే ఫ్యాక్టరీయే అచ్చేసుకునేది. కృప్ లాంటి ఉక్కు కంపెనీ దగ్గర్నుంచి చిన్న మిల్లు దాకా అందరిదీ అదే దారి. ఐదు వేలకు పైగా ఊళ్లు, సంస్థలు ఆ ఒక్క ఏడాదే నోట్లు వదిలాయి.

థురింజియా రాష్ట్ర బ్యాంకు ఆ గొడవలో నోట్ల నమూనా పనిని వైమార్‌లోని బౌహౌస్ కళాశాల విద్యార్థికి అప్పగించింది. పేరు హెర్బర్ట్ బేయర్, వయసు 23. రాజు తల, ఓక్ ఆకులు, లతల అంచులు, గొలుసుకట్టు అక్షరాలు అన్నీ తీసేశాడు. పెద్ద అంకె, సాదా అక్షరాలు, రంగు పట్టీలు ఉంచాడు. ఒకవైపే అచ్చు. పది లక్షల మార్కుల నోటు మీద తేదీ 1923 సెప్టెంబరు 1. ఆ రోజుల్లో డాలరుకు దాదాపు కోటి మార్కులు, అంటే అది పుట్టినప్పుడు పది సెంట్ల నోటు. మూడు నెలలు తిరక్కుండానే దాని విలువ చెప్పడానికి భిన్నం కూడా రాయలేని పరిస్థితి. కానీ ఆ నోటు పోలిక ఇవాళ మన ఏటీఎం స్లిప్పులో, బస్సు బోర్డులో కూడా ఉంది. మార్కు పోయినా బేయర్ అక్షరాల పద్ధతి ప్రపంచమంతా చెలామణి అయింది.

సున్నాలు లెక్కపెట్టేటప్పుడు మనకొక సౌకర్యం ఉంది. జర్మన్ల మిలియార్డ్ మన వంద కోట్లు, వాళ్ల బిలియన్ మన లక్ష కోట్లు. ఇంగ్లిషు లెక్క అలవాటైనవాళ్లు ఇక్కడే బోల్తాపడి వెయ్యి రెట్లు తక్కువ చదువుతారు. రైష్‌బ్యాంక్ వేసిన అతి పెద్ద నోటు 1924 ఫిబ్రవరి తేదీతో ఉంది. విలువ కోటి కోట్లు.

భూతద్దం పనులు

సేకరణ అసలు రుచి ఇక్కడ. ఒకే ఊరు, ఒకే తేదీ, ఒకే అంకె. పక్కపక్కన పెడితే రెండు నోట్లు ఒకటి కావు. ఒకదాని వరస సంఖ్య ఎర్రసిరాలో, ఇంకోదానిది నల్లసిరాలో. ఒకదానికి ఐదంకెలు, ఇంకోదానికి ఆరు. అంకెల ఎత్తు మిల్లీమీటరు తేడా. కింద మూలన ప్రెస్సు పేరు ఉన్నది, లేనిది. పొడి ముద్ర గుద్దింది, గుద్దడం మరిచిపోయింది. వెలుతురుకు పట్టి చూస్తే నీటిగుర్తు ఒకదానిలో అలలు, ఇంకోదానిలో బొట్లు, మరోదానిలో వజ్రాకారాలు. ఇదంతా ఎవరూ ప్రణాళిక వేసి చేసింది కాదు. ప్రెస్సువాడు సోమవారం తెచ్చిన కాగితం బుధవారానికి అయిపోయింది, గురువారం దొరికినదాని మీద మిగతాది కానిచ్చాడు. పాత నోట్ల వెనకవైపు అచ్చేసినవి, ఇంకేదో పనికి తెప్పించిన అట్టల మీద వేసినవి కూడా ఉన్నాయి. వంద రోజుల ముందు కొట్టిన నోట్ల కట్ట మీద కొత్త విలువ అడ్డంగా గుద్దినవి లెక్కలేనన్ని.

ఆ గుద్దుడు ఎలా ఉంటుందో చూడాలంటే రైష్‌బ్యాంక్ సొంత నోటే చాలు. 1922 డిసెంబరు 15 తేదీ వేసిన వెయ్యి మార్కుల నోటు. దాని మీద పాతకాలపు టంకశాల అధికారి యోర్గ్ హెర్ట్స్ గడ్డంతో గంభీరంగా కూర్చుని ఉంటాడు. 1923 సెప్టెంబరులో దాని మీద ఏటవాలుగా ఎర్రసిరాలో ‘వంద కోట్ల మార్కులు’ అని ముద్రించారు. తొమ్మిది నెలల్లో వెయ్యి పక్కన ఆరు సున్నాలు చేరాయి, మనిషి ముఖంలో మార్పు లేదు. ఆ ఎర్ర అక్షరాలు పక్కకు జరిగినవి, తలకిందులైనవి దొరికితే సేకర్తకు ఆ రోజు భోజనం గుర్తుండదు.

ఈ తేడాలకు ఒక క్రమం తెచ్చినవాడు ఆర్నాల్డ్ కెల్లర్. నోట్లు ఇంకా పుడుతుండగానే వాటి కోసం ప్రత్యేకంగా పత్రిక నడిపాడు, జాబితాలు వేశాడు, నీటిగుర్తులకు పేర్లు పెట్టాడు. ఆయన పోగేసిన దాదాపు రెండు లక్షల నోట్లు ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మనీ కేంద్ర బ్యాంకు దగ్గర ఉన్నాయి. ఇవాళ చేతిలో పట్టుకునేవి గ్రబోవ్‌స్కీ, మేల్ కేటలాగులు. సెట్లకు వేరే సంపుటం, ద్రవ్యోల్బణం నోట్లకు వేరే సంపుటం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక్క మాట. బొమ్మల సెట్లలో మామూలువి విడిగా ఒకటి రెండు యూరోలకే వస్తాయి. అందంగా ఉన్నాయి కదా, వందేళ్లవి కదా అని ఎక్కువ పెట్టకండి. దాచుకోవడానికే అచ్చేశారు, అందరూ దాచారు, అందుకే మడత కూడా నలగకుండా లక్షల్లో ఉన్నాయి. ధర పలికేవి సాధారణంగా బొమ్మ లేనివి, మాసినవి, ఏదో చిన్న ఫ్యాక్టరీ ఒక వారం జీతాల కోసం కొట్టి మరుసటి వారం చించేసినవి. తోలు, పట్టు ముక్కల్లో తర్వాత కాలంలో చేసినవి కలిసి ఉంటాయి, కేటలాగు చూడకుండా కొనొద్దు. విజయవాడ, విశాఖ తేమలో మామూలు ప్లాస్టిక్ కవర్లు నోటుకు అతుక్కుంటాయి. పాలియెస్టర్ కవర్లు వాడాలి. చెదల సంగతి చెప్పక్కర్లేదు.

చూడ్డానికి ఇబ్బందిపెట్టేవి

ముచ్చటైన బొమ్మల ఆల్బమ్‌లో నాలుగు పేజీలు తిప్పితే కోపం కూడా కనిపిస్తుంది. 1920లో ష్లెస్విగ్ ప్రాంతం డెన్మార్క్‌తో ఉండాలా జర్మనీతోనా అని ప్రజాభిప్రాయం తీసుకున్నారు. 1921 మార్చి 20న ఎగువ సిలేసియాలో పోలండ్ విషయంలో అదే జరిగింది. ఓటు అడిగే పని నోట్లే చేశాయి. చేజారిన వలసల జ్ఞాపకార్థం ఒక సెట్టే వేశారు, ఈత చెట్లు, జెండాలతో. యూదులను ఎగతాళి చేసే, తిట్టే బొమ్మలు కొన్ని ఊళ్ల నోట్ల మీద బాహాటంగా ఉన్నాయి. విలువ పోయిన ద్రవ్యోల్బణం నోట్ల మీద తర్వాత నాజీలు యూదు వ్యతిరేక నినాదాలు అచ్చేసి కరపత్రాలుగా పంచారు. వీటిని ఆల్బమ్‌లోంచి తీసేసేవాళ్లున్నారు. నేను తీసేయను. హామెల్న్ వేణువు ఉన్న పేజీ పక్కనే ఉంచుతాను. రెండూ ఒకే కాలపు ఊళ్ల బుర్రల్లోంచి వచ్చినవే.

మాట నిలబెట్టుకున్న నోట్లు

1923 అక్టోబరు చివర్లో ఆర్థిక మంత్రిత్వ శాఖ కొత్త రకం నోట్లకు అనుమతి ఇచ్చింది. మార్కును ఎవరూ నమ్మని పరిస్థితిలో బంగారు మార్కు పేరునో, డాలరు పేరునో వేసే నోట్లు. వాటి అంకెలు విచిత్రంగా ఉంటాయి. 42 బంగారు ఫెనిగ్‌లు, పక్కనే డాలరులో పదో వంతు అని. 4.20 బంగారు మార్కులు, అంటే ఒక డాలరు. 1914 నాటి మారకపు రేటును పట్టుకుని వెనక్కి నడిచారన్నమాట. ఇంకొందరు డాలరునూ నమ్మలేదు. ఇన్ని కిలోల రై ధాన్యం, ఇంత బొగ్గు, ఇన్ని యూనిట్ల కరెంటు, ఇన్ని ఘనపు మీటర్ల గ్యాసు ఇస్తామని రాసిచ్చారు. నవంబరు 15న రెంటెన్‌మార్కు వచ్చింది. ఒక్కటి లక్ష కోట్ల పాత మార్కులకు సమానం. 1924లో ఊళ్లు ఈ బంగారు మార్కు నోట్లను వెనక్కి పిలిచి చెప్పిన విలువ చెల్లించాయి. ఈసారి ఎవరూ ఆల్బమ్‌లో దాచుకోలేదు. రెండు రొట్టెలు వచ్చే నోటును ఎవరు అంటించుకుంటారు? దాదాపు అన్నీ కౌంటరుకు తిరిగొచ్చాయి, వాటికి రంధ్రం కొట్టి తగలబెట్టారు. ఆ ఊళ్లే రెండేళ్ల ముందు వేసిన బొమ్మల సెట్లు ఈ రోజుకీ కట్టలు విప్పకుండా దొరుకుతున్నాయి. 42 ఫెనిగ్‌ల ఆ చీటీ కావాలంటే మాత్రం వేలంపాటలో వరసలో నిలబడాలి.